ఓక్లాండ్‌లో బేస్‌బాల్ ఎలా ఖాళీ అయింది: జట్టు, ఊరు, లీగ్ మధ్య నూట ఇరవై ఏళ్ల కథ

2025 జూన్‌లో అమెరికా మేజర్ లీగ్ క్రికెట్ సీజన్ కాలిఫోర్నియాలోని ఓక్లాండ్ కొలీజియంలో మొదలైంది. మొదటి మ్యాచ్‌లోనే శాన్ ఫ్రాన్సిస్కో యూనికార్న్స్ ఓపెనర్ ఫిన్ అలెన్ 19 సిక్సర్లతో 151 పరుగులు కొట్టాడు. ఆ వార్త చదివిన మన క్రికెట్ అభిమానుల్లో కొందరికైనా ఒక సందేహం వచ్చే ఉంటుంది. అంత పెద్ద బేస్‌బాల్ స్టేడియం, బేస్‌బాల్ సీజన్ మధ్యలో, క్రికెట్‌కు ఎలా దొరికింది?

అక్కడ ఆడాల్సిన జట్టు తొమ్మిది నెలల ముందే ఊరు వదిలి వెళ్లిపోయింది. 57 సీజన్లు ఓక్లాండ్‌లో ఆడిన అథ్లెటిక్స్ ఇప్పుడు వెస్ట్ శాక్రమెంటోలోని ఒక చిన్న మైదానంలో తాత్కాలికంగా సర్దుకుంది. 2028 నాటికి లాస్ వెగాస్‌లో కొత్త స్టేడియానికి మారాలన్నది ప్లాన్. ఇందులో తప్పు ఎవరిదన్న వాదన అమెరికాలో ఇంకా నడుస్తూనే ఉంది. యజమాని పిసినారితనం అనేవాళ్లున్నారు, నగరపాలకుల చేతకానితనం అనేవాళ్లున్నారు. నా ఉద్దేశంలో అసలు ముడి ఇద్దరి దగ్గరా లేదు. అది 1922 నాటి ఒక కోర్టు తీర్పులోనూ, 1990 ప్రాంతంలో మ్యాప్ మీద గీసిన ఒక గీతలోనూ ఉంది. అక్కడికి రావాలంటే ముందు కొన్ని మాటలు తెలియాలి.

ఫ్రాంచైజీ, టెరిటరీ అంటే ఏమిటి

మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో 30 జట్లున్నాయి. ఒక్కో జట్టు సీజన్‌కు 162 మ్యాచ్‌లు ఆడుతుంది, వాటిలో 81 సొంత ఊళ్లో. ఈ 30 జట్లూ 30 ఫ్రాంచైజీలు. ఫ్రాంచైజీ అంటే లీగ్‌లో ఆడే హక్కు. అది యజమాని ఆస్తి. జెర్సీ మీద ఊరి పేరున్నా ఊరికి అందులో వాటా ఉండదు. స్టేడియం మాత్రం చాలాచోట్ల నగరానిదో కౌంటీదో (మన జిల్లా లాంటిది) అయి ఉంటుంది, జట్టు అందులో లీజుకు ఉంటుంది.

మనకు తెలిసిన ఐపీఎల్‌తో పోలిస్తే తేడా తేలిగ్గా అర్థమవుతుంది. 2012లో డెక్కన్ ఛార్జర్స్‌ను బీసీసీఐ రద్దు చేసింది. ఆ హైదరాబాద్ స్థానానికి టెండర్లు పిలిస్తే సన్ టీవీ వాళ్లు గెలుచుకున్నారు, అలా సన్‌రైజర్స్ వచ్చింది. అంటే అక్కడ యజమాని పోయాడు గానీ ఊరికి జట్టు మిగిలింది. అమెరికాలో దాదాపు ఎప్పుడూ దీనికి తలకిందులుగా జరుగుతుంది. యజమాని జట్టును, రికార్డులను, ట్రోఫీలను మూటగట్టుకుని ఇంకో ఊరికి వెళ్తాడు, పాత ఊరికి మిగిలేది ఖాళీ స్టేడియమే.

ఇక టెరిటరీ. ప్రతి జట్టుకూ కొన్ని కౌంటీలను లీగ్ రాసిస్తుంది. ఆ పరిధిలో మరో మేజర్ లీగ్ జట్టు స్టేడియం కట్టుకోకూడదు. అథ్లెటిక్స్‌కు దక్కినవి రెండే: ఓక్లాండ్ ఉన్న అలమీడా కౌంటీ, పక్కనున్న కాంట్రా కోస్టా. చిన్న విషయంలా కనిపించే ఈ ఏర్పాటే తర్వాత జట్టు మెడకు చుట్టుకుంది.

అథ్లెటిక్స్ రాకముందు: ఓక్స్ రోజులు

ఓక్లాండ్‌లో ప్రొఫెషనల్ బేస్‌బాల్ అథ్లెటిక్స్‌తో మొదలు కాలేదు. 1903లో పసిఫిక్ కోస్ట్ లీగ్ పుట్టినప్పుడే ఓక్లాండ్ ఓక్స్ అందులో ఉంది. అది మైనర్ లీగే, అంటే మేజర్ లీగ్ కన్నా కింది స్థాయి. కానీ 1957 దాకా పసిఫిక్ తీరంలో ఒక్క మేజర్ లీగ్ జట్టు కూడా లేదు కాబట్టి అక్కడి జనానికి అదే పెద్ద ఆట. ఓక్స్ 1913 నుంచి ఓక్లాండ్‌ను ఆనుకుని ఉన్న ఎమరీవిల్‌లోని మైదానంలో ఆడేది.

ఈ జట్టు చరిత్రలో ఒక్క వారమైనా సాగని ఒక ఘట్టం ఉంది. నల్లజాతి ఆటగాళ్లను ప్రధాన లీగ్‌లు దగ్గరికి రానివ్వని రోజులవి. 1916 మే నెలలో జిమ్మీ క్లాక్స్టన్ అనే పిచ్చర్ (బంతి వేసేవాడు) అమెరికన్ ఆదివాసీగా పరిచయమై ఓక్స్‌లో చేరాడు. ఒకే రోజు జరిగిన రెండు మ్యాచ్‌లలో బంతి వేశాడు. అతనికి నల్లజాతి మూలాలున్నాయని తెలియగానే రోజుల్లోనే పంపించేశారు. అయితే సరిగ్గా ఆ రోజుల్లోనే ఒక మిఠాయి కంపెనీ తన ప్యాకెట్లలో పెట్టే ఆటగాళ్ల కార్డుల కోసం ఫొటోలు తీయించింది. అలా అమెరికా బేస్‌బాల్ కార్డు మీద కనిపించిన తొలి నల్లజాతి ఆటగాడిగా క్లాక్స్టన్ మిగిలాడు. జాకీ రాబిన్సన్ మేజర్ లీగ్‌లో అడుగుపెట్టింది దీనికి 31 ఏళ్ల తర్వాత.

1948లో మేనేజర్ కేసీ స్టెంగెల్ వయసు మళ్లిన ఆటగాళ్లతో ఓక్స్‌కు టైటిల్ తెచ్చాడు. మరుసటి ఏడాదికి న్యూయార్క్ యాంకీస్ ఆయన్ను తీసుకెళ్లింది. తర్వాత ప్రేక్షకులు పలచబడ్డారు. 1955 సీజన్ ముగిశాక ఓక్స్ కెనడాలోని వాంకూవర్‌కు తరలిపోయింది. జట్టు ఊరు వదలడం ఓక్లాండ్‌కు అదే మొదలు. ఆ తర్వాత పన్నెండు సీజన్లు ఓక్లాండ్‌కు సొంత జట్టే లేదు.

మూడు టైటిళ్లు, ఖాళీ కుర్చీలు

ఇవాళ ఓక్లాండ్‌కు సానుభూతి చెప్పేవాళ్లు ఒక విషయం ఒప్పుకోవాలి. అథ్లెటిక్స్ కూడా ఒకరిని వదిలి వచ్చిందే. 1901లో ఫిలడెల్ఫియాలో పుట్టింది, 1955లో కాన్సాస్ సిటీకి మారింది, 1968లో యజమాని చార్లీ ఫిన్లీ దాన్ని ఓక్లాండ్‌కు తెచ్చాడు. 1966లో తెరిచిన కొలీజియం అప్పటికి కొత్తది, అదే ఆయన్ను ఆకర్షించింది.

వచ్చీరాగానే, 1968 మే 8న, క్యాట్‌ఫిష్ హంటర్ పర్ఫెక్ట్ గేమ్ వేశాడు. అంటే అవతలి బ్యాటర్లలో ఒక్కరు కూడా పరుగు దారిలోని తొలి మజిలీ అయిన మొదటి బేస్ చేరలేదు. బేస్‌బాల్‌లో ఇంతకన్నా అరుదైన బౌలింగ్ ఘనత లేదు. దాన్ని కళ్లారా చూసింది ఆరు వేల పైచిలుకు జనమే. ఆ తర్వాత రెజ్జీ జాక్సన్, వైడా బ్లూ, రోలీ ఫింగర్స్‌లతో జట్టు 1972, 1973, 1974లో వరుసగా మూడుసార్లు లీగ్ ఫైనల్ అయిన వరల్డ్ సిరీస్ గెలిచింది. ఆటగాళ్లకు మీసం పెంచితే 300 డాలర్లు బోనస్ ఇచ్చిన ఫిన్లీ, జీతాల దగ్గర మాత్రం పైసా పైసాకూ పోట్లాడేవాడు. ఒప్పందం ప్రకారం హంటర్ పేరిట కట్టాల్సిన 50,000 డాలర్లు కట్టలేదు. 1974 చివర్లో మధ్యవర్తి ఆ ఒప్పందం చెల్లదని తేల్చాడు. హంటర్ యాంకీస్‌తో లక్షల డాలర్ల ఒప్పందం చేసుకుని వెళ్లిపోయాడు. ఒకరి తర్వాత ఒకరు మిగతావాళ్లూ పోయారు.

జట్టు మీద పెట్టుబడి పెడితే జనం వస్తారా రారా అన్నది ఓక్లాండ్ వాదనలో కీలకం. అంకెలు చూద్దాం. 1979లో సీజన్ మొత్తానికి వచ్చింది 3,06,763 మంది. 81తో భాగిస్తే మ్యాచ్‌కు 3,800 లోపు. ఏప్రిల్‌లో ఒక మ్యాచ్‌కైతే 653 మందే వచ్చారు. మరుసటి ఏడాది లీవైస్ జీన్స్ కుటుంబానికి చెందిన వాల్టర్ హాస్ జట్టును 1.27 కోట్ల డాలర్లకు కొన్నాడు. జీతాలిచ్చాడు, ఊరితో కలిసిపోయాడు. ఓక్లాండ్‌లోనే పెరిగిన రికీ హెండర్సన్ 1982లో ఒకే సీజన్‌లో 130 బేస్‌లు దొంగిలించి (అంటే తన జట్టు బ్యాటర్ బంతి కొట్టకముందే తర్వాతి బేస్‌కు పరుగెత్తి చేరి) రికార్డు కొట్టాడు. 1989లో లోమా ప్రియెటా భూకంపం వల్ల పది రోజులు ఆగిన వరల్డ్ సిరీస్‌లో అథ్లెటిక్స్ పక్క ఊరి శాన్ ఫ్రాన్సిస్కో జైంట్స్‌ను 4-0తో ఓడించింది. 1990లో వచ్చిన ప్రేక్షకులు 29 లక్షలు, అంటే మ్యాచ్‌కు దాదాపు 36,000. అదే ఊరు, అదే స్టేడియం, పదకొండేళ్ల తేడా. ఓక్లాండ్ చిన్న మార్కెట్, జనం రారు అనే మాట విన్నప్పుడల్లా నాకు ఈ రెండు అంకెలే గుర్తొస్తాయి.

1922 తీర్పు, కర్ట్ ఫ్లడ్ పోరాటం

అమెరికాలో ఏ వ్యాపారంలోనైనా పోటీదారులంతా కూర్చుని ఈ జిల్లా నీది, ఆ జిల్లా నాది అని పంచుకుంటే గుత్తాధిపత్య నిరోధక చట్టం కింద కేసు పడుతుంది. బేస్‌బాల్‌కు మాత్రం ఆ భయం లేదు. 1922లో సుప్రీంకోర్టు బేస్‌బాల్ మ్యాచ్‌లు రాష్ట్రాల మధ్య జరిగే వాణిజ్యం కిందికి రావని, కాబట్టి ఆ చట్టం వర్తించదని తీర్పిచ్చింది. 1953లోనూ కోర్టు దాన్ని కదిలించలేదు. అమెరికన్ ఫుట్‌బాల్ (మనం సాధారణంగా ఫుట్‌బాల్ అనే ఆట కాదు), బాస్కెట్‌బాల్‌లకు ఇలాంటి మినహాయింపు లేదు.

దీన్ని ధైర్యంగా సవాలు చేసింది వెస్ట్ ఓక్లాండ్‌లో పెరిగిన కర్ట్ ఫ్లడ్. 1969లో సెయింట్ లూయిస్ జట్టు తనను అడగకుండా ఫిలడెల్ఫియాకు మార్చేస్తే, కొనుక్కుని అమ్ముకోవడానికి నేను సరుకును కాను అని లీగ్ అధిపతి అయిన కమిషనర్‌కు లేఖ రాసి కోర్టుకెక్కాడు. అప్పటి నిబంధన ప్రకారం ఒప్పందం ముగిసినా ఆటగాడు ఆ జట్టుకే కట్టుబడి ఉండాలి. 1972లో సుప్రీంకోర్టు 5-3తో అతని కేసు కొట్టేసింది. ఆట కెరీర్ అక్కడితో ముగిసినట్టే అయింది. నాలుగేళ్లు తిరక్కుండానే ఆటగాళ్లకు స్వేచ్ఛ వచ్చింది గానీ అది మధ్యవర్తుల తీర్పుల వల్ల వచ్చింది, ఫ్లడ్‌కు అందలేదు. 1998లో అతని పేరుతోనే కాంగ్రెస్ ఒక చట్టం చేసింది. ఆటగాళ్ల ఉద్యోగ విషయాల్లో మినహాయింపు తీసేసింది. జట్లు ఊరు మారడం, టెరిటరీల పంపకం జోలికి మాత్రం పోలేదు. ఓక్లాండ్ బిడ్డ పేరు పెట్టిన చట్టమే ఓక్లాండ్‌కు పనికొచ్చే తలుపును మూసే ఉంచింది. ఇది తలుచుకుంటే నాకు మనసు కష్టంగా ఉంటుంది.

శాన్ హోసే గీత

1990 ప్రాంతంలో జైంట్స్ శాన్ ఫ్రాన్సిస్కో వదిలి దక్షిణాన శాన్ హోసే వైపు వెళ్లాలనుకుంది. సాంటా క్లారా కౌంటీ అప్పటికి ఎవరి సొంతం కాదు. హాస్ మంచి పొరుగువాడిలా, ఒక్క డాలరు అడగకుండా, ఆ కౌంటీ జైంట్స్ పేరిట రాయడానికి ఒప్పుకున్నాడు. అక్కడి ఓటర్లు స్టేడియం ప్రతిపాదనలను తిప్పికొట్టారు. జైంట్స్ శాన్ ఫ్రాన్సిస్కోలోనే ఉండిపోయి 2000లో సముద్రం ఒడ్డున కొత్త స్టేడియం తెరిచింది. రాసిచ్చిన హక్కు మాత్రం వెనక్కి రాలేదు.

ఆ తర్వాతే సిలికాన్ వ్యాలీ డబ్బు పొంగింది. మన తెలుగువాళ్లు వేలల్లో స్థిరపడిన సన్నీవేల్, సాంటా క్లారా, శాన్ హోసే అన్నీ ఆ కౌంటీలోనివే. 2005లో అథ్లెటిక్స్‌ను కొన్న లూ వుల్ఫ్, జాన్ ఫిషర్ బృందం ముందు అలమీడా కౌంటీలోనే ఉన్న ఫ్రీమాంట్‌లో స్టేడియం కడతామంది. స్థానికుల అభ్యంతరాలతో 2009లో ఆ ప్లాన్ వదిలేసి శాన్ హోసే వైపు చూసింది. ఓక్లాండ్‌కు శాన్ ఫ్రాన్సిస్కో కన్నా శాన్ హోసే ఎక్కువ దూరమే అయినా, అక్కడి కంపెనీల దన్ను వాళ్లకు కావాలి. జైంట్స్ కుదరదంది. కమిషనర్ కమిటీ వేశాడు, అది ఏళ్ల తరబడి ఏదీ తేల్చలేదు. విసిగిపోయిన శాన్ హోసే నగరం 2013లో కోర్టుకు వెళ్లింది. 2015లో అప్పీలు కోర్టు 1922 మినహాయింపును చూపించి కేసు కొట్టేసింది, సుప్రీంకోర్టు విచారణకే తీసుకోలేదు.

ఇదే ఊళ్లో ఫుట్‌బాల్ కథ ఇంకోలా నడిచింది. మినహాయింపు లేని ఫుట్‌బాల్ లీగ్ మీద కేసు గెలిచి ఓక్లాండ్ ఫుట్‌బాల్ జట్టు రైడర్స్ 1982లో లాస్ ఏంజిలిస్ వెళ్లిపోయింది. ప్రజా ప్రయోజనం కోసం ఆస్తి సేకరించే అధికారంతో జట్టునే స్వాధీనం చేసుకోవాలని ఓక్లాండ్ నగరం కోర్టులో పోరాడి ఓడిపోయింది. 1995లో రైడర్స్ తిరిగొచ్చింది, దానికోసం కొలీజియంలో ప్రజల డబ్బుతో ఎత్తైన కొత్త స్టాండ్ కట్టారు. స్టాండ్స్ మీదుగా కనిపించే కొండలు దాని వెనక దాక్కున్నాయి. 2020లో రైడర్స్ మళ్లీ లాస్ వెగాస్ పోయింది. ఆ అనుభవం తర్వాత స్టేడియానికి ప్రజల డబ్బు అనగానే ఓక్లాండ్ నాయకులు వెనకాడారంటే అర్థం చేసుకోవచ్చు.

ఆదాయం పంచుకునే లెక్క

జట్ల మధ్య తేడా తగ్గించడానికి లీగ్‌లో ఆదాయ పంపకం ఉంది. ప్రతి జట్టు తన స్థానిక ఆదాయంలో 48 శాతం ఉమ్మడి నిధిలో వేస్తుంది, దాన్ని అందరూ సమానంగా పంచుకుంటారు. ఊహకు రెండే జట్లున్నాయనుకుందాం. ఒకదాని ఆదాయం 10 కోట్ల డాలర్లు, రెండోదానిది 30 కోట్లు. మొదటిది 4.8 కోట్లు, రెండోది 14.4 కోట్లు నిధిలో వేస్తాయి. మొత్తం 19.2 కోట్లు, చెరొక 9.6 కోట్లు. చివరికి చిన్న జట్టు చేతిలో 14.8 కోట్లు, పెద్ద జట్టు చేతిలో 25.2 కోట్లు. జట్టు మీద ఖర్చు పెట్టినా పెట్టకపోయినా చిన్న జట్టుకు ఆ 4.8 కోట్ల లాభం వస్తుంది. విమర్శకులకు నచ్చనిది సరిగ్గా ఇదే.

2017 తర్వాత, పెద్ద మార్కెట్‌లో ఉందన్న కారణంతో అథ్లెటిక్స్‌కు ఈ నిధి దశలవారీగా ఆపేశారు. ఆటగాళ్ల సంఘంతో లీగ్ చేసుకున్న 2022 ఒప్పందంలో మళ్లీ ఇచ్చారు, ఒక షరతు మీద: 2024 జనవరి 15 లోపు కొత్త స్టేడియం ఒప్పందం ఖాయం కావాలి. గడువు మెడ మీద ఉన్నప్పుడు ఎవరైనా త్వరగా డబ్బిచ్చే చోటికే వెళ్తారు. 2023లో అంత తొందర ఎందుకన్న ప్రశ్నకు సగం జవాబు ఈ తేదీలోనే ఉంది.

హోవార్డ్ టెర్మినల్, లాస్ వెగాస్

2018లో జట్టు ఓక్లాండ్ ఓడరేవు పక్కన హోవార్డ్ టెర్మినల్‌లో స్టేడియం కడతామంది. స్టేడియానికి 100 కోట్ల డాలర్లు సొంతంగా పెడతాం, చుట్టూ 3,000 ఇళ్లు, ఆఫీసులు కలిపి 1,200 కోట్ల ప్రాజెక్టు అని చెప్పింది. రైలు పట్టాల మీదుగా దారులు, రోడ్లు, తక్కువ ధర ఇళ్ల ఖర్చు ఎవరు పెట్టాలన్నదగ్గర పేచీ వచ్చింది. 2021 జులైలో నగర కౌన్సిల్ తన షరతులతో 6-1 ఓట్లతో ఒక ముసాయిదాను ఆమోదించింది, జట్టు అది మాకు సరిపోదంది. చర్చలు సాగుతుండగానే 2023 ఏప్రిల్‌లో లాస్ వెగాస్‌లో స్థలానికి ఒప్పందం చేసుకున్నట్టు ప్రకటించింది.

లాస్ వెగాస్ ఉన్న నెవాడా రాష్ట్ర శాసనసభ జూన్‌లో 38 కోట్ల డాలర్ల వరకు సాయం ఆమోదించింది. ఇందులో పెద్ద భాగం అమ్ముకోదగ్గ పన్ను రాయితీలు, కౌంటీ బాండ్లు. అమ్ముకోదగ్గ రాయితీ ఇలా పనిచేస్తుంది: ప్రభుత్వం జట్టుకు 100 డాలర్ల రాయితీ పత్రం ఇస్తుంది. జట్టుకు అంత పన్ను లేకపోతే దాన్ని 95 డాలర్లకు ఏదో క్యాసినోకు అమ్ముతుంది. క్యాసినో 100 డాలర్ల పన్ను తప్పించుకుంటుంది. జట్టుకు నగదు వచ్చింది, ఖజానాకు 100 డాలర్లు రాలేదు. నెవాడా ఉపాధ్యాయ సంఘం ఈ చట్టాన్ని ప్రజల ఓటుకు పెట్టించాలని ప్రయత్నించినా, పిటిషన్ సరిగా లేదని ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు 2024లో కొట్టేసింది.

నెవాడా సెనేట్ ఓటు వేసిన 2023 జూన్ 13 రాత్రే ఓక్లాండ్‌లో అభిమానులు రివర్స్ బాయ్‌కాట్ (రాకుండా ఉండే బదులు అందరూ వచ్చి నిరసన తెలపడం) పేరుతో కొలీజియాన్ని నింపారు. రోజూ ఖాళీగా ఉండే స్టాండ్స్‌లో ఆ రాత్రి 27,759 మంది, జట్టు అమ్మెయ్ అన్న అర్థం వచ్చే ఒకే మాట రాసిన ఆకుపచ్చ టీషర్టులు. అయిదో ఇన్నింగ్స్‌లో ఒక బ్యాటర్ ఆడినంతసేపూ కావాలనే మౌనంగా ఉండి, ఆ వెంటనే ఒక్కసారిగా అదే నినాదం అందుకున్నారు. నవంబర్‌లో 30 మంది యజమానులూ తరలింపుకు ఏకగ్రీవంగా ఓటేశారు.

తప్పు ఎవరిదన్న వాదనలు

యజమాని ఫిషర్‌ను తప్పుపట్టేవాళ్లు చూపించే ఆధారాలు గట్టివే. 2021 తర్వాత మ్యాట్ ఓల్సన్, మ్యాట్ చాప్‌మన్ లాంటి మంచి ఆటగాళ్లను వరుసగా వేరే జట్లకు ఇచ్చేశారు. జట్టు బలహీనపడుతుంటే సీజన్ టికెట్ల ధరలు పెంచారు. 2022లో సగటు ప్రేక్షకులు పది వేల లోపుకు పడిపోయారు. ఆ అంకెనే మళ్లీ తరలింపుకు కారణంగా చెప్పారు.

జట్టు వైపు వాదనా కొట్టిపారేయదగ్గది కాదు. 2013లో మురుగునీరు డ్రెస్సింగ్ రూముల్లోకి ఎగదన్ని, రెండు జట్లూ రైడర్స్ గదుల్లో స్నానాలు చేయాల్సి వచ్చిన స్టేడియం అది. మూడు నాలుగు చోట్ల కొత్త స్టేడియం కోసం పదిహేనేళ్లకు పైగా తిరిగారు. మేయర్లు మారారు, పని ముందుకు కదల్లేదు. ఇక నగరం మాట: బడులకు, పోలీసులకు డబ్బు చాలని ఊరు ఒక కోటీశ్వరుడి స్టేడియానికి ఎందుకు పెట్టాలి? స్టేడియాలపై పెట్టిన ప్రజాధనం తిరిగి రాదన్నది చాలామంది ఆర్థికవేత్తల అభిప్రాయం కూడా. లాస్ వెగాస్‌లో భారం పర్యాటకుల మీద పడుతుందని నెవాడా నాయకులు అంటారు గానీ, టీవీ మార్కెట్‌గా అది శాన్ ఫ్రాన్సిస్కో, ఓక్లాండ్ ఉన్న బే ఏరియా కన్నా చాలా చిన్నది.

ఈ ముగ్గురి మాటల్లోనూ లీగ్ పాత్ర తక్కువగా వినిపిస్తుంది. సాంటా క్లారా గీతను చెరిపే అధికారం లీగ్‌కే ఉంది, చెరపలేదు. జట్ల సంఖ్య 30 దగ్గర ఆపింది కాబట్టి జట్టు కావాల్సిన ఊళ్లు ఎప్పుడూ జట్ల కన్నా ఎక్కువే ఉంటాయి. ఆ కొరత ఉన్నంతకాలం ప్రతి యజమాని చేతిలోనూ వేరే ఊరి పేరు సిద్ధంగా ఉంటుంది. ఇతర యజమానులు తరలింపు రుసుము కూడా మాఫీ చేశారు. ఫిషర్ స్థానంలో ఇంకెవరున్నా కథ ఇలాగే నడిచేదని నేను అనను, హాస్ అలా నడపలేదు కదా. కానీ యజమాని మంచివాడైతేనే ఊరికి జట్టు నిలుస్తుందన్న ఏర్పాటు ఊరికి న్యాయం కాదు.

ఇప్పుడు అక్కడ ఏముంది

2024 సెప్టెంబర్ 26న కొలీజియంలో ఆఖరి మ్యాచ్. 46,889 మంది వచ్చారు. అథ్లెటిక్స్ 3-2తో టెక్సస్ రేంజర్స్‌ను ఓడించింది. ఇప్పుడు వెస్ట్ శాక్రమెంటోలో ఆ జట్టు ఏ ఊరి పేరూ పెట్టుకోకుండా ఉత్త అథ్లెటిక్స్‌గా ఆడుతోంది. లాస్ వెగాస్ స్టేడియానికి 2025 జూన్‌లో శంకుస్థాపన అయింది.

ఓక్లాండ్‌లో మాత్రం ఆట ఆగలేదు. పయనీర్ లీగ్‌లో ఓక్లాండ్ బాలర్స్ అనే కొత్త జట్టు 2024లో ఆడటం మొదలుపెట్టింది. ఇది మేజర్ లీగ్ కాదు, మేజర్ జట్లకు ఆటగాళ్లను తయారుచేసే అనుబంధ జట్టు కూడా కాదు. మైదానం వెస్ట్ ఓక్లాండ్‌లోని రైమండి పార్క్. రెండో ప్రపంచ యుద్ధంలో ప్రాణాలు కోల్పోయిన స్థానిక బేస్‌బాల్ ఆటగాడి పేరది. స్టాండ్స్ వేసి పార్క్‌నే స్టేడియంగా మార్చారు. అభిమానులకు చిన్న చిన్న వాటాలు అమ్మి, బోర్డులో వాళ్ల ప్రతినిధికి ఒక స్థానం ఇచ్చారు. యజమాని ఒక్కడే అయితే ఏమవుతుందో చూసిన ఊరు కాబట్టి ఆ ఆలోచనకు అంత ఆదరణ దొరికింది. 2025 సెప్టెంబర్‌లో బాలర్స్ తమ లీగ్ టైటిల్ గెలిచింది. ఓక్లాండ్‌కు ప్రొఫెషనల్ బేస్‌బాల్ టైటిల్ రావడం 1989 తర్వాత అదే మొదటిసారి.